సాయంత్రమైతే అత్తయ్య సంచి సర్దుతారు

ప్రశ్న: మాది మల్కాజిగిరి. మా అత్తయ్యకు 74 ఏళ్లు. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) అని తేలి ఏడాదైంది. మందులు రాశారు గానీ, ఇంట్లో ఎలా చూసుకోవాలో ఎవరూ చెప్పలేదు. సాయంత్రం ఐదయ్యేసరికి సంచిలో చీరలు సర్దుకుని ఊరెళ్తానంటారు. ఇదే మన ఇల్లు అంటే అరుస్తారు. స్నానానికి రమ్మంటే కొట్టబోతారు. మొన్న నేనూ చెయ్యెత్తాను. ఆ రాత్రంతా ఏడ్చాను. మావారేమో ‘వయసైపోయింది, ఇవన్నీ మామూలే’ అంటారు. నాకే ఓపిక లేదా?
- ఓ కోడలు

జవాబు: అమ్మా, ఏడాదిగా ఒంటిచేత్తో నెట్టుకొస్తున్న మిమ్మల్ని ఓపిక లేదని ఎవరనగలరు? ఈ జబ్బున్నవాళ్లను చూసుకోవడం నేర్చుకుంటేనే వచ్చే పని. మీకది ఎవరూ నేర్పలేదు. చెయ్యి లేవబోయే క్షణం మళ్లీ వస్తే, ఆవిడకు ప్రమాదమేమీ లేదని చూసుకుని పక్కగదిలోకి వెళ్లిపోండి. ఐదు నిమిషాలు చాలు.

ఊరి సంగతికొస్తే, డిమెన్షియాలో సాధారణంగా కొత్త జ్ఞాపకాలు ముందు చెరిగిపోతాయి, పాతవి నిలుస్తాయి. ఆవిడ అడిగేది బహుశా చిన్ననాటి ఇల్లు. అందుకే వాదించకండి. సంచి పక్కన కూర్చుని ‘మీ పెరట్లో ఏం చెట్లుండేవత్తయ్యా?’ అనండి. కాసేపయ్యాక నాలుగు చిక్కుడుకాయలు చేతికివ్వండి. చేతికి అలవాటైన పని అంత తొందరగా పోదు, ఈనెలు తీస్తూ కూర్చుండిపోవచ్చు. చీకటి పడకముందే లైట్లు వేసెయ్యండి, నీడలకు కూడా బెదురుతారు.

స్నానానికి నీళ్లు ముందు పాదాల మీద పోయండి. మగ్గు ఆవిడ చేతికే ఇచ్చి, కింద మీ చెయ్యి ఆనించండి. ఒకసారి ఒక్క మాటే చెప్పండి. వద్దని మొండికేసిన రోజు తడిగుడ్డతో తుడిస్తే చాలు. ఉన్నట్టుండి గందరగోళం ఎక్కువైతే మాత్రం డాక్టరుకు చూపించండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ వల్ల కూడా అలా అవుతుంది.

ఇక శిక్షణ. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి కుటుంబాల కోసమే ‘ఐసపోర్ట్’ అనే పాఠాలు తయారుచేసింది. ఐదు భాగాలుంటాయి. ఒక భాగం పూర్తిగా మీలాంటివాళ్లు తమను తాము చూసుకోవడం గురించే. దాన్ని దాటవేయకండి. డిమెన్షియా ఉన్న కుటుంబాలకు సాయపడే అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియాకు మన హైదరాబాద్‌లోనూ శాఖ ఉంది, అడగండి. పెద్దవాళ్ల విషయాలకు ఎల్డర్‌లైన్ 14567 ఉంది. ఏడుపు ఆగని రాత్రి, మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్ 14416కు ఫోన్ చెయ్యండి.

ఈ పాఠాలకు మీవారు కూడా కూర్చోవాల్సిందే. కన్నతల్లి కదా. వచ్చే ఆదివారం సాయంత్రం ఐదింటికి ఆ సంచి పక్కన ఆయన్ని కూర్చోబెట్టి, పెరటి చెట్ల గురించి అడగమని చెప్పి, మీరు రెండు గంటలు బయటికి వెళ్లి రండి.