ఫ్రెండ్స్‌తో గ్రీసు ట్రిప్పు, అమ్మకి ఇచ్చిన మాట

ప్రశ్న: నాకు 29 ఏళ్ళు. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పెళ్ళి కాలేదు. అన్నయ్యా వదినా కూడా ఈ ఊళ్ళోనే ఉంటారు. సెప్టెంబరు చివర్లో ముగ్గురు స్నేహితులతో గ్రీసు వెళ్ళాలని ఏడాదిగా ప్లాన్ చేసుకుంటున్నాం. ఏథెన్స్, నాక్సోస్, సాంటోరిని, క్రీట్, మొత్తం పన్నెండు రోజులు. భుజాన ఒక్కో బ్యాగు, హాస్టళ్ళలో బస, ఓడల్లో ప్రయాణం. సరిగ్గా అప్పుడే విజయవాడ నుంచి అమ్మానాన్న మా దగ్గరికి వస్తున్నారు. ఫోన్లో అమ్మ "ఇన్నేళ్ళొచ్చాయి, ఒక్కసారి కూడా ఓడెక్కలేదే" అంటే ఉండబట్టలేక "అయితే మాతో రండి" అనేశాను. ఆ మర్నాటి నుంచే అమ్మ కాలనీలో పొద్దున్నే నడక మొదలుపెట్టింది, స్పోర్ట్స్ షూ కూడా కొనుక్కుంది. తనకి మోకాళ్ళ నొప్పులు, గుడ్డు కూడా ముట్టదు. నాన్నకి షుగరు. ఫ్రెండ్స్‌కి చెబితే ఒకమ్మాయి "ఇది మన ట్రిప్ కదా, మమ్మల్ని ఒక్కమాట అడగాలనిపించలేదా" అని మొహం మీదే అడిగేసింది. పైగా మా నలుగురిలో ఒకబ్బాయి ఉన్నాడు. అతను స్నేహితుడే, అంతకుమించి ఏమీ లేదు. నాన్న నమ్మరు. మా ఫ్రెండ్‌కి కాబోయే భర్త అని చెబుదామనుకుంటున్నాను. నేను అప్పుడప్పుడూ వైన్ తాగుతాననీ, షార్ట్స్ వేసుకుంటాననీ ఇంట్లో తెలీదు. అమ్మని వద్దనలేను, ఫ్రెండ్స్‌ని ఒప్పించలేను. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మని రమ్మన్నందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. అరవై దగ్గర పడుతున్న మనిషి, ఒక కోరిక బయటపెట్టింది. కూతురు కాదనలేకపోయింది. అందులో తప్పేమీ లేదు. మీ స్నేహితురాలి కోపం కూడా న్యాయమైనదే. ఏడాదిగా నలుగురూ కూర్చుని వేసుకున్న ప్లాన్‌ని మీరు ఒక్కరే మార్చేశారు. ఆమె బాధ మీ అమ్మగారు వస్తున్నారని కాదు, తనని అడగలేదని. అందుకే ముందు ఆమెతో మాట్లాడండి. "అమ్మ పరిస్థితి ఇదీ" అని వివరించబోతే అవతలివాళ్ళకి కాదనే వీలుండదు, మింగలేక కక్కలేక ఒప్పుకుంటారు. "మిమ్మల్ని అడక్కుండా మాటిచ్చేశాను, అది నాదే తప్పు. ట్రిప్పు మీది కూడా. ఇప్పుడు ఎలా చేద్దాం?" అనండి, అంతే. తర్వాత కాసేపు వాళ్ళనే మాట్లాడనివ్వండి.

ఇక ఆ అబ్బాయి సంగతి. కాబోయే భర్త అన్న కథ మాత్రం కట్టకండి. ఆ అబద్ధం మీ ఒక్కరితో ఆగదు. ఆ అమ్మాయి, ఆ అబ్బాయి, మూడో ఫ్రెండు, అందరూ రోజుల తరబడి అదే కథ మోయాలి. ముహూర్తం ఎప్పుడని మీ అమ్మగారు అడుగుతారు, అమ్మాయి వాళ్ళది ఏ ఊరని నాన్నగారు అడుగుతారు. సెలవు పెట్టుకుని సరదాగా గడపడానికొచ్చినవాళ్ళని మీ ఇంటి కోసం నాటకం ఆడమనడం ఏం బాగుంటుంది? పైగా ఆ కథ బయటపడిన రోజున, ఏమీ లేని స్నేహం కూడా నాన్నగారి కంటికి దాచిన వ్యవహారంలాగే కనిపిస్తుంది.

మన ఇళ్ళల్లో నాన్నకి చెప్పాల్సిన కష్టమైన మాటలన్నీ అమ్మ ద్వారానే వెళ్తాయి. ఈసారి అలా చేయకండి. అలా చేస్తే తిట్లు ఆవిడ తింటారు, "నావల్లేగా ఇదంతా" అనుకుని ప్రయాణమే మానుకుంటారు. నాన్నగారికి మీరే ఫోన్ చేయండి. "నాన్నా, మేం నలుగురం వెళ్తున్నాం. అందులో ఒకబ్బాయి ఉన్నాడు, నాకు ఫ్రెండు. ఆదివారం వీడియో కాల్ పెడతాను, నలుగురితో మీరూ మాట్లాడండి" అని సూటిగా చెప్పండి. కోపం రావచ్చు. రెండు రోజులు ముభావంగా ఉండొచ్చు. అదేదో వాళ్ళు విజయవాడలో ఉండగానే అయిపోవాలి. పరాయి దేశంలో, మీ స్నేహితుల ముందు మొదటిసారి తెలిస్తే అది కోపంతో ఆగదు, అవమానంగా మారుతుంది. మీకు 29 ఏళ్ళు, సొంత సంపాదన ఉంది, ఈ మాట చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. గట్టిగా మాట్లాడాల్సిన పని కూడా లేదు.

ఇప్పుడు అసలు ప్రయాణం. ఆరుగురూ పన్నెండు రోజులూ ఒకే గుంపుగా తిరగాలన్న ఆలోచన వదిలేయండి. అది మీ స్నేహితులకీ కష్టం, మీ అమ్మానాన్నలకి ఇంకా కష్టం. దీవి నుంచి దీవికి ఓడలో వెళ్ళడమంటే వినడానికి హాయిగా ఉంటుంది. కానీ ఆ పెద్ద ఫెర్రీలు దీవి రేవులో ఆగేది కొద్ది నిమిషాలే. ఓడ ఆగకముందే దిగేవాళ్ళంతా సామాన్లతో మెట్లు దిగి, కింద కార్లూ లారీలూ ఉండే గ్యారేజీలోకి చేరుకుంటారు. చుట్టూ ఇంజిన్ల మోత, డీజిల్ వాసన. ఓడ వెనక తలుపు కిందికి వాలగానే బండ్లు, మనుషులు, పెట్టెలు ఒక్కసారిగా బయటికి. ఎక్కేవాళ్ళు ఎదురుగా కాచుకుని ఉంటారు. వీపున బ్యాగున్న మీకు అదో సరదా. మోకాళ్ళ నొప్పితో, చేతిలో ఊరగాయల సూట్‌కేసుతో అమ్మగారు ఆ మెట్లు దిగడం ఒకసారి ఊహించుకోండి. ఏజియన్ సముద్రం మీద వేసవిలో మెల్తెమి అనే ఉత్తరపు గాలి వీస్తుంది. జూలై, ఆగస్టుల్లో దాని జోరు ఎక్కువ, సెప్టెంబరులోనూ ఒక్కోసారి వదలదు. గాలి మరీ పెరిగితే ఓడలే ఆపేస్తారు. రాత్రి రేవులో కూర్చోవాల్సి వచ్చినా మీ నలుగురికీ అది తర్వాత చెప్పుకునే కబురే అవుతుంది. వేళకి తిండి, మందు పడాల్సిన నాన్నగారికి అలా కుదరదు.

అందుకని నా సలహా ఇది. మొదటి ఆరు రోజులు మీ నలుగురివే. ఏథెన్స్, నాక్సోస్, సాంటోరిని మీరు ముందనుకున్నట్టే తిరగండి. అమ్మానాన్నలు ఆ రోజులు అన్నయ్య ఇంట్లో ఉంటారు. ఏడో రోజున వాళ్ళు నేరుగా క్రీట్‌లోని హెరాక్లియాన్‌కి విమానంలో రావచ్చు. సీజన్‌లో స్టుట్‌గార్ట్ నుంచి డైరెక్ట్ విమానాలుంటాయి. సాంటోరిని నుంచి హెరాక్లియాన్‌కి వేగంగా వెళ్ళే ఫెర్రీలో సుమారు రెండు గంటలు. మీరు ఒకరోజు ముందే చేరుకుంటే ఎయిర్‌పోర్టుకి ఎదురెళ్ళొచ్చు. ఆ మిగిలిన రోజులు క్రీట్‌లో ఆరుగురూ. వాళ్ళ దగ్గర జర్మనీకి తీసుకున్న షెంజెన్ వీసా ఉంటుంది కాబట్టి గ్రీసుకి వేరే వీసా అక్కర్లేదు. గడువు తేదీలు, ఇన్సూరెన్స్ తేదీలు మాత్రం సరిచూసుకోండి.

సగం ట్రిప్పుకే పిలిస్తే అమ్మ నొచ్చుకుంటుందేమోనని మీకు అనుమానం రావచ్చు. ఆవిడ గ్రీసు మొత్తం చూపించమని అడగలేదు, ఓడెక్కలేదని అన్నారు. ఆ కోరిక క్రీట్‌లోనే, మీ స్నేహితులకి ఇష్టమైన నడక దగ్గరే తీరుతుంది. దక్షిణ తీరంలో సమారియా అనే లోయ ఉంది. దాదాపు 1,200 మీటర్ల ఎత్తున్న ఒమలోస్ నుంచి సముద్రం దాకా 16 కిలోమీటర్ల దిగుడు, రాళ్ళ దారి. మామూలుగా అయిదు నుంచి ఏడు గంటలు పడుతుంది. మే నుంచి అక్టోబరు దాకా తెరుస్తారు. వాన, విపరీతమైన ఎండ ఉన్న రోజుల్లో మూసేస్తారు. మధ్యలో మోకాలు పట్టేస్తే ఏ బండీ రాదు. కాబట్టి అమ్మగారు ఎన్ని రోజులు కాలనీలో నడిచినా ఆ దారిన తీసుకెళ్ళొద్దు. కొత్త షూ చూసి మనసు కరిగినా సరే.

అయితే ఆ దారి చివర సముద్రం ఒడ్డున అయియా రుమెలి అని చిన్న ఊరు ఉంది. దానికి రోడ్డు లేదు, పడవలోనే చేరాలి. ముందురోజు మధ్యాహ్నం మీరు అమ్మానాన్నలని క్రీట్‌లోనే ఉన్న హన్యా పట్టణం నుంచి బస్సులో, అదే దక్షిణ తీరంలోని హోరా స్ఫాకియాన్ అనే చిన్న రేవు ఊరికి తీసుకెళ్ళి, రేవు దగ్గర గది చూసి దింపండి. సాయంత్రం బస్సుకి మీరు వెనక్కి వచ్చేయండి. మర్నాడు తెల్లవారుజామునే మీ నలుగురూ ఒమలోస్ బస్సెక్కుతారు. వాళ్ళిద్దరూ తీరిగ్గా టిఫిన్ చేసి, కొండల కిందుగా సాగే పడవెక్కి అయియా రుమెలి చేరుకుంటారు. సాయంత్రం మీరు చెమటలు కక్కుతూ లోయలోంచి బయటపడేసరికి వాళ్ళు నీడన కూర్చుని ఎదురుచూస్తుంటారు. తిరిగి వెళ్ళే పడవ ఆరుగురూ కలిసే ఎక్కుతారు. అమ్మానాన్నలని ఒంటరిగా ఎలా పంపడమని భయపడకండి. విజయవాడ నుంచి విమానాలు మారి స్టుట్‌గార్ట్ దాకా రాగలిగినవాళ్ళు ఒక పడవ ఎక్కలేరా? ఫోన్లో రోమింగ్ ఉండేలా చూసి, పడవ వేళలు ఒక కాగితం మీద తెలుగులో రాసివ్వండి. ఆ ఒక్కరోజు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తిరగడం వాళ్ళకీ బాగుంటుందని నాకు గట్టి నమ్మకం.

క్రీట్‌లో అమ్మానాన్నలకి చిన్న వంటగది ఉన్న స్టూడియో తీసుకోండి. మీరూ వాళ్ళతోనే పడుకోండి. ఫ్రెండ్స్ హాస్టల్‌లో ఉంటారు. అక్కడ రాత్రి భోజనాలు తొమ్మిది దాటాక మొదలవుతాయి. షుగరు మాత్ర వేసుకుని తిండి కోసం ఎదురుచూడకూడదు. నాన్నగారికి ఏడున్నరకి గదిలో ఏదో ఒకటి పెట్టి, తర్వాత అందరితో కలిసి బయట కూర్చోవచ్చు. బయల్దేరే ముందు ఆయన డాక్టర్ని ఒకసారి అడగండి. మందులూ వాటి చీటీ చేతి బ్యాగులోనే ఉండాలి.

అమ్మగారి తిండి గురించి దిగులు వద్దు. గ్రీకు క్రైస్తవులకి ఉపవాస దినాలు చాలా ఎక్కువ, ఆ రోజుల్లో మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. ఆ వంటల్ని నిస్తీసిమా అంటారు, ఆ మాట చెప్పి అడగొచ్చు. ఒక జాగ్రత్త ఏంటంటే రొయ్యలు, ఆక్టోపస్ లాంటివి వాళ్ళ ఉపవాసానికి అడ్డు రావు, అందుకని "చేపా వద్దు, రొయ్యా వద్దు" అని విడిగా చెప్పాలి. అన్నం కూరిన టమాటా, క్యాప్సికంలని గెమిస్తా అంటారు. మాంసం కలపని గెమిస్తా కావాలని అడగండి. ఉడికించిన ఆకుకూరలు, గిగాంతెస్ అనే పెద్ద చిక్కుడు గింజల కూర కూడా దొరుకుతాయి. ఫావా అయితే మన ముద్దపప్పుకి దగ్గర చుట్టం. పైన ఆలివ్ నూనె, ఉల్లిపాయ వేసి ఇస్తారు. రెండు ఊరగాయ ప్యాకెట్లు చాలు, కుక్కర్ వద్దని చెప్పండి.

మీ స్నేహితులకి ఇబ్బంది కలిగేది మరొకచోట ఉంది. బిల్లు రాగానే నాన్నగారి చెయ్యి ముందుకొస్తుంది. మన పెద్దవాళ్ళకి అది మర్యాద. లెక్క కట్టి పంచుకునే మీ ఫ్రెండ్స్‌కి అది మొహమాటం, రెండోసారి నుంచి వాళ్ళు మీతో భోజనానికి రావడం తగ్గించేస్తారు. ఆయనతో ముందే అనుకోండి. ఒక రాత్రి, హన్యా పాత రేవు దగ్గరో ఎక్కడో, విందు మొత్తం ఆయనదే. మిగతా రోజులు ఎవరి ఖర్చు వాళ్ళది. ఆ ఒక్క విందు ఆయనకి తృప్తినిస్తుంది.

వైన్, షార్ట్స్ విషయానికొస్తే, వాటిని ఇంట్లో ప్రకటించాల్సిన పని లేదు. మొదటి ఆరు రోజులు మీ ఇష్టం. అమ్మానాన్నలతో ఉన్నప్పుడు తాగకుండా ఉండటం మీరు వాళ్ళకిచ్చే గౌరవం, దాన్ని మోసం అనుకోకండి. నేరుగా అడిగితే మాత్రం "అస్సలు ముట్టను" అనొద్దు. "అప్పుడప్పుడూ కొంచెం" అని చెప్పి ఊరుకోండి. ఒక సంగతి ముందే తెలిసుండాలి. క్రీట్‌లో భోజనం అయ్యాక చాలాచోట్ల అడక్కుండానే పళ్ళో స్వీటో తెచ్చి, పక్కన చిన్న సీసాలో రాకీ, బుల్లి గ్లాసులు పెట్టి వెళ్తారు. దాన్ని త్సికుదియా అని కూడా అంటారు, ఘాటైన సారా. అది వాళ్ళ అతిథి మర్యాద, డబ్బులు తీసుకోరు. నాన్నగారి ముందు అది బల్ల మీదికి రాగానే మీరు కంగారు పడితే లేని అనుమానం పుడుతుంది. ఇక్కడి పద్ధతి ఇదీ అని ముందే చెప్పి ఉంచండి. తాగేవాళ్ళు తాగుతారు, వద్దనుకున్నవాళ్ళు థాంక్స్ చెప్పి వదిలేస్తారు, ఎవరూ బలవంతం చేయరు. షార్ట్స్ అయితే ఎండలో, బీచ్‌లో అందరూ వేసుకునేవే. అమ్మగారికి ఒక ఫొటో ముందే పంపేయండి. మీరు భయపడినంత జరగదు.

ఫ్రెండ్స్‌కి చివరగా ఒక మాటివ్వండి. క్రీట్‌లో కూడా కనీసం రెండు సాయంత్రాలు మీరు వాళ్ళతోనే గడుపుతారని, ఆ వేళ అమ్మానాన్నలు గది దగ్గరే ఉంటారని. మీ అమ్మానాన్నలకి మందులు కొనే పని, దారి చూపే పని, ఫొటోలు తీసే పని వాళ్ళ మీద పడకూడదు. వాళ్ళంతట వాళ్ళు ప్రేమగా చేస్తే వేరే సంగతి.

ఇంత చెప్పాక కూడా ఆ అమ్మాయి "నాకిది కుదరదు" అంటే బతిమాలకండి. తను మొదటి ఆరు రోజులు మీతో ఉండి, సాంటోరిని నుంచి వెళ్ళిపోవచ్చు. ముందు ఆమెతో, తర్వాత మిగతా ఇద్దరితో, ఆ తర్వాత నాన్నగారితో మాట్లాడండి. హెరాక్లియాన్ టికెట్లు ఆయనతో మాట అయ్యాకే తీసుకోండి.