ఎండాకాలంలో పక్షులు చూడబోయే మా అమ్మడికి

అమ్మడూ,

ఏప్రిల్ ఆఖర్లో మీ అపార్ట్‌మెంట్ వాళ్లను పక్షులు చూడ్డానికి గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువుకూ, కైకలూరు దగ్గరి ఆటపాకకూ తీసుకెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. రెండూ ఒకే రోజులో చూడొచ్చు గానీ, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి పెట్టుకో. మధ్యలో పక్షుల జోలికి పోవద్దు.

విజయవాడలో నాలుగున్నరకల్లా బండి కదలాలి. తెల్లారేసరికి ఉప్పలపాడు గట్టు మీద ఉంటే ఎండ ముదిరేలోపు తీరిగ్గా చూసుకోవచ్చు. తొమ్మిదికల్లా బయల్దేరి, గుడివాడ మీదుగా కైకలూరు చేరి, భోంచేసి నాలుగింటిదాకా నీడపట్టున ఉండండి. ఆటపాకలో ఆ రోజు బోటు తిప్పుతున్నారో లేదో, ఎన్నింటికి ఆపేస్తారో అటవీశాఖ వాళ్లను ముందురోజే అడిగి కనుక్కో.

ఇంత పట్టుబట్టి చెప్పేది మనకు వడదెబ్బ తగులుతుందని మాత్రమే కాదు. ఆలస్యంగా కట్టిన గూళ్లలో అప్పటికి ఇంకా పిల్లలుండొచ్చు. ఎండ ఎక్కగానే ఎర్రకాళ్ల కొంగ గూటి అంచున నిలబడి రెక్కలు విప్పి పిల్లలకు నీడ పడుతుంది. ఎండ వాలేదాకా ఆ పిల్లలకు అదే దిక్కు. మీ గుంపు మాట్లాడుకుంటూ దగ్గరికి వెళ్తే తల్లి లేచిపోతుంది. ఈకలు సరిగా రాని పిల్ల ఆ ఎండకు ఎంతోసేపు తాళలేదు. కాకులు ఎలాగూ కాచుకునే ఉంటాయి. ఫొటో కోసం ఇంకో పదడుగులు వేస్తానని ఎవరన్నా అంటే, పెద్దవాళ్లయినా సరే, మొహమాటపడకుండా ఆపు.

తీతువు పిట్ట సంగతి పిల్లలకు బండిలోనే చెప్పు. అది నేలమీదే, గులకరాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. గోధుమరంగు మీద నల్లమచ్చలతో అచ్చం మట్టిబెడ్డల్లా ఉంటాయి, తొక్కేదాకా కనిపించవు. అది మీ తల మీద గిర్రున తిరుగుతూ గోలగా అరుస్తోందంటే గూడు దగ్గర్లోనే ఉన్నట్టు. అక్కడే ఆగి, కాళ్లకింద చూసుకుంటూ వచ్చిన దారినే వెనక్కి రండి. ఓపిగ్గా దూరం నుంచి బైనాక్యులర్‌తో చూస్తే, నీళ్లలో పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్లమీద కూర్చోవడం కంటపడొచ్చు. ఎండకు గుడ్లు ఉడికిపోకుండా అది పడే తంటా అది. దాని అరుపు అపశకునమని ఎవరైనా అంటే ఈ మాట చెప్పు. నాకెంతో ఇష్టమైన పిట్ట అది.

గూడబాతు (పెలికాన్) నోరు తెరిచి గొంతు సంచి వణికిస్తుంటే ఆకలేసి కాదు, ఒంట్లో వేడి పోగొట్టుకుంటోంది. తినడానికేమీ వేయనివ్వకు.

శీతాకాలపు బాతులు చాలావరకు వెళ్లిపోయి ఉంటాయి, ఆశ పెట్టుకోకండి. దానికి బదులు ఇంకోటి దొరుకుతుంది. చలికాలంలో తెల్లగా ఉండే పశువుల కొంగకు ఇప్పుడు తల, మెడ నారింజరంగు తిరుగుతాయి. గుడ్డికొంగ వీపు ముదురు ఎరుపుకొస్తుంది. చలికాలంలో మాత్రమే వెళ్లేవాళ్లు ఇవి చూడలేరు.

పదిహేనుమందికి మించొద్దు, ఉన్నవాళ్లనూ రెండు జట్లు చెయ్యి. బైనాక్యులర్ కొనేవాళ్లుంటే 8×42 చాలు, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లది. మట్టిరంగు నూలు బట్టలు, టోపీ, మనిషికి మూడు లీటర్ల నీళ్లు, మజ్జిగ, ఓఆర్‌ఎస్ పొట్లాలు ఉండాలి. ఫోన్లో పక్షి కూతలు పెట్టి పిలవడం, డ్రోన్ ఎగరేయడం వద్దే వద్దు.

ఉప్పలపాడు చెరువు పక్షులను కాపాడుకుంటున్నది ఆ ఊరివాళ్లే. వెళ్లగానే వాళ్లను పలకరించి, టీ, టిఫిన్ అక్కడే కొనుక్కోండి. ఆటపాక కొల్లేరు అభయారణ్యంలోది. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. అక్కడ గార్డు ఆగమంటే ఆగాలి, బేరాలాడొద్దు.

తేదీ ఖాయం కాగానే ఫోన్ చెయ్యి. నా టెలిస్కోపు మీ అమ్మ చేత పంపిస్తాను. పిల్లలంతా వంతులవారీగా గట్టు మీద నుంచే గూళ్లు చూడొచ్చు.

ఆశీస్సులతో,
మీ మామయ్య