ఫెటా చీజ్ ప్యాకెట్‌లోని నీళ్ళు పారబోసి పనీర్‌లా మంచినీళ్ళలో వేశాను, నాలుగు రోజులకే జిగురొచ్చింది. తినొచ్చా?

నేనైతే పారేస్తాను. జిగురు వచ్చిందంటే కుళ్ళిపోయిందనే కాదు గానీ, ఉప్పులేని నీళ్ళలో నాలుగు రోజులు నానాక ఏది జిగురో ఏది చెడో కంటితో తేల్చలేం.

మాది బరంపురం. మా వీధి కొట్లలో ఫెటా అడిగితే పనీర్ చూపిస్తారు, అందుకే మా చెల్లి విశాఖ నుంచి వచ్చినప్పుడల్లా తెస్తుంది. మొదటిసారి నేనూ మీలాగే నీళ్ళు సింకులో పోసేశాను. పనీర్‌ని, ఇక్కడి ఛెనాని చూసిన చేతులు కదా! అవి వేడిపాలలో నిమ్మరసమో విరుగుడునీళ్ళో పోసి విరగ్గొట్టినవి, తాజాగా తినేయాలి. ఫెటా అలా కాదు. తోడుతో, రెన్నెట్‌తో (పాలను విరగ్గొట్టే ఎంజైము, దూడల కడుపులోంచి తీసేదీ ఉంటుంది) గడ్డకట్టించి, ఉప్పు పట్టించి, ఉప్పునీటిలో మాగబెడతారు. గ్రీసు ఫెటా అయితే గొర్రెపాలది, మేకపాలు కలిపినా 30 శాతం దాటకూడదు, మాగడానికి కనీసం రెండు నెలలు. 2002లో యూరోపియన్ యూనియన్ ఆ పేరును గ్రీసుకే కట్టబెట్టింది. మనకు దొరికేవాటిలో ఆవుపాలవీ ఉంటాయి, అట్ట మీద చదివి కొనండి. రెన్నెట్ సంగతి పట్టింపు ఉన్నవాళ్ళు పచ్చచుక్క కూడా చూసుకోవాలి. మా అత్తగారు ముందు అదే అడిగారు.

ఇక ఆ నీళ్ళు. మాగాయ ముక్కలు ఎండబెట్టి మళ్ళీ ఊటలోనే వేస్తాం తప్ప ఊట పారబోస్తామా? ఇదీ అంతే. అందులో ఉప్పుతో పాటు పులుపు, చీజులోంచి దిగిన కాల్షియం ఉంటాయి. గడ్డను గట్టిగా పట్టి ఉంచేది కాల్షియమే. మంచినీళ్ళలో వేస్తే అది నీళ్ళలోకి దిగిపోయి పైపొర మెత్తబడి జారుతుంది. ఇది తెలియక రెండోసారి ఒట్టి ఉప్పునీళ్ళు కలిపి పోశాను. ఉప్పు సరిపోయినా పులుపు లేదు, మళ్ళీ అదే జిగురు.

ఇప్పుడు చేసేది చెప్తాను. ప్యాకెట్ నీళ్ళు ఉంటే వాటితోనే గాజుసీసాలో పెడతాను, ముక్క పూర్తిగా మునగాలి. చాలకపోతే అర లీటరు నీళ్ళు మరిగించి, తల కొట్టిన ఆరు చెంచాల మెత్తని ఉప్పు, అంటే సుమారు 35 గ్రాములు, వేసి బాగా చల్లారాక ఒక చెంచా వెనిగర్ కలిపి పోస్తాను. ఫ్రిజ్‌లోనే ఉంచాలి. ఉప్పు ఉంది కదా అని ఆవకాయ జాడీలా గట్టు మీద పెట్టేరు! తడి చెయ్యి, ఎంగిలి చెంచా అసలు పనికిరావు. ఇలా ఉంచి మూడు వారాల్లోపు ముగించేస్తాం. నీళ్ళు కాస్త తెల్లగా మసకబారితే భయం లేదు. బూజు, గులాబీ రంగు, ముక్కు మూసుకునే వాసన ఉంటే మాత్రం మొహమాటపడకండి. డీప్ ఫ్రిజ్‌లో పెడితే పొడిపొడి అవుతుంది, కూరలో చల్లడానికి తప్ప ముక్కలుగా పనికిరాదు.

ఉప్పు ఎక్కువనిపిస్తే సీసా నీళ్ళు పల్చన చేయొద్దు. ఆ పూటకి కావలసిన ముక్కను మాత్రం తీసి అరగంట పాలలో వేయండి. పుచ్చకాయ ముక్కల మీద చిదిమి వేస్తే అదీ అక్కర్లేదు. వంకాయ వేపుడులో వేసేటట్టయితే కూరకు వేరే ఉప్పు ఆపండి. నేను ఆపలేదు, ఆ రోజు ఇంటిల్లిపాదీ పెరుగన్నంతో సరిపెట్టుకున్నాం.