ఎనిమిది అడుగుల దూరానికి 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీ చాలా, 55 అంగుళాల 4కె తీసుకోవాలా?

మీరు చెప్పిన వివరాలు ఇవి: సోఫాకీ గోడకీ మధ్య ఎనిమిది అడుగులు, ఎడమ పక్క పెద్ద కిటికీ, పగలంతా సెట్‌టాప్ బాక్సులో వార్తలు, సీరియళ్లు, రాత్రిపూట సినిమాలు. నేను ఇప్పటికి రెండు టీవీలు కొన్నాను. మొదటిదానితో బాగా దెబ్బతిన్నాను కాబట్టి జవాబు కాస్త పొడుగే.

సైజు సంగతి షోరూములో తేలదు. అక్కడ హాలు పెద్దది, పక్కన 75 వెలుగుతుంటుంది, 55 చిన్నపిల్లలా కనిపిస్తుంది. టీవీ కొలత ఐమూలగా చెబుతారు. 55 అంటే వెడల్పు దాదాపు 122 సెంటీమీటర్లు, ఎత్తు 68. అదే 43 అయితే 95, 53. రెండోసారి కొనేముందు పాత న్యూస్‌పేపర్లు ఆ కొలతకు అతికించి గోడకు అంటించి రెండు రోజులు ఉంచాను. "ఇంత పెద్దదెందుకురా, గోడంతా అదే ఉంది" అన్న మా అమ్మ మర్నాడు సాయంత్రానికి ఆ కాగితం ఊసే ఎత్తలేదు. సినిమా బాగా అనిపించాలంటే ఐమూల కొలతకు 1.6 రెట్ల దూరంలో కూర్చోమని ఒక లెక్క ఉంది. 55కి అది ఏడడుగుల పైచిలుకు. 43కి ఆరడుగులు కూడా రాదు. అంటే మీ గదికి 55 సరిగ్గా సరిపోతుంది.

ఇక 4కె. ఫుల్ హెచ్‌డీలో 1920 అడ్డంగా, 1080 నిలువుగా, మొత్తం 20 లక్షల పైచిలుకు చుక్కలు. 4కెలో దాదాపు 83 లక్షలు. వినడానికి ఘనంగానే ఉంటుంది కానీ, మామూలు చూపున్న మనిషికి 55 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరమీద చుక్కలు విడివిడిగా తెలియాలంటే దాదాపు ఏడడుగుల లోపుకి రావాలి. మీరు కూర్చునేది ఎనిమిదిలో. కాబట్టి 4కె వల్ల మీకు కలిగే లాభం కొంచెమే. అయినా 4కెనే తీసుకోమంటాను, ఎందుకంటే 55లో ఫుల్ హెచ్‌డీ ఇప్పుడు దొరకడమే కష్టం. 8కె గురించి ఎవరైనా చెబితే నవ్వి వచ్చేయండి.

బొమ్మ బాగుండాలంటే టీవీ కంటే ముందు దానికి అందేది బాగుండాలి. ఎస్‌డీ చానెల్‌లో, అంటే హెచ్‌డీ కాని మామూలు చానెల్‌లో ఉండేది 480 లేదా 576 గీతలే. వాటిని సాగదీసి 4కెలోని 2160 గీతల తెర నింపితే ముఖాలు నీళ్లలో నానినట్టుంటాయి. నా సిగ్గుచేటు కథ ఒకటి: మొదటి టీవీ వచ్చాక మూడు నెలలపాటు "ఏంటీ, బొమ్మ మసకగా ఉంది" అని గొణుక్కుంటూనే ఉన్నాను. చివరికి వెనక్కి వంగి చూస్తే, పాత టీవీకున్న పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల కేబులే దీనికీ తగిలించి ఉంది. తగిలించింది నేనే. ఆ పసుపు పిన్ను నుంచి హెచ్‌డీ రాదు, బాక్సు ఎంత మంచిదైనా సరే. హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టగానే వేరే టీవీ కొన్నట్టయింది.

ఇప్పుడు అసలు దెబ్బ. మా అమ్మ సోఫాలో కూర్చోదు, పక్కనున్న మంచం చివర కూర్చుంటుంది. టీవీ తెరనే ప్యానెల్ అంటారు, ఎల్‌సీడీల్లో అవి ముఖ్యంగా వీఏ, ఐపీఎస్ అని రెండు రకాలు. నేను కొన్నది వీఏ ప్యానెల్. ఎదురుగా కూర్చుంటే నలుపు చక్కగా నల్లగా, రాత్రి సినిమాకి అద్భుతం. పక్కనుంచి చూస్తే రంగులన్నీ పాలిపోతాయి. "అందరూ మొహానికి పౌడరు ఎక్కువ కొట్టుకున్నారేంట్రా" అనేది. ఐపీఎస్ ప్యానెల్‌లో పక్క చూపు బాగుంటుంది, కానీ చీకటి గదిలో నలుపు బూడిదరంగులా కనిపిస్తుంది. ఓలెడ్ అనే మరో రకం తెరలో ప్రతి చుక్కా సొంతంగా వెలుగుతుంది, ఆరిపోతుంది కాబట్టి నలుపూ బాగుంటుంది, పక్క చూపూ బాగుంటుంది. అయితే రోజంతా ఒకే వార్తా చానెల్ పెట్టే ఇంట్లో ఆ మూలనున్న లోగో కొన్నాళ్లకు తెరమీద మచ్చలా మిగిలిపోయే ప్రమాదం ఉంది. మీ వాడకం చూస్తే నేనైతే వద్దంటాను. క్యూలెడ్ పేరు దానికి కజిన్‌లా ఉంటుంది గానీ, అది వెనక లైటు ఉండే మామూలు ఎల్‌సీడీయే, రంగుల కోసం ఒక పొర అదనం. ప్యానెల్ ఏ రకమో అట్టపెట్టె మీద తరచుగా రాయరు, ఒకే మోడల్‌లో సైజును బట్టి మారిపోతుంది కూడా. అందుకని షోరూములో నాలుగడుగులు పక్కకు జరిగి, మనుషుల ముఖాలున్న వీడియో పెట్టించి చూడండి. తర్వాత టీవీ ఆపమనండి. ఆ నల్లటి గాజులో మీ ముఖం ఎంత స్పష్టంగా కనిపిస్తే, పగలు మీ కిటికీ కూడా అంత స్పష్టంగా కనిపిస్తుంది.

హెచ్‌డీఆర్, అంటే వెలుగుకీ చీకటికీ తేడా ఇంకా బాగా చూపించే పద్ధతి, ఆ ముద్ర చూసి మురిసిపోకండి. చవక టీవీ ఆ సిగ్నల్‌ని తీసుకోగలదు, చూపించేంత వెలుగు దాని దగ్గర ఉండదు. "మోషన్ 240" లాంటి అంకెలు కూడా పట్టించుకోనక్కర్లేదు. ప్యానెల్ 60 హెర్ట్జా, 120 హెర్ట్జా, అంటే సెకనుకు బొమ్మను ఎన్నిసార్లు మార్చగలదు అని మాత్రం అడగండి. మీరు చెప్పినదాంట్లో వీడియో గేములు లేవు కాబట్టి 60 చాలు. ఇంటికొచ్చాక వివిడ్ మోడ్ తీసేసి సినిమా మోడ్ పెట్టండి, మోషన్ స్మూతింగ్ ఆపేయండి. సెకనుకు 24 ఫ్రేములతో తీసిన సినిమా మధ్యలో టీవీ సొంతంగా ఫ్రేములు కల్పించి ఇరికిస్తే, పెద్ద సినిమా కూడా సీరియల్‌లా కనిపిస్తుంది.

యాప్‌ల కోసం టీవీ ఎంచుకోవద్దు. నాలుగేళ్లకు నత్తలా తయారైతే యాప్‌లు నడిపే ఒక స్టిక్ వెనక తగిలించుకుంటే సరి. స్పీకర్ల మీద పెద్ద ఆశ వద్దు. సౌండ్‌బార్ ఆలోచన ఉంటే టీవీ శబ్దాన్ని దానికి పంపే, ఈ-ఆర్క్ అని రాసిన హెచ్‌డీఎంఐ పోర్టు ఉందో లేదో చూసుకోండి.

మొత్తానికి మీ సోఫాకి పక్కగా ఎవరైనా కూర్చుంటే 55 అంగుళాల 4కె ఐపీఎస్, అందరూ ఎదురుగానే కూర్చుంటే వీఏ. అన్నట్టు, టీవీని బల్ల మీద పెట్టేటట్టయితే దాని కాళ్ల మధ్య దూరం బల్ల పొడవులో పడుతుందో లేదో కూడా కొలవండి, ఈ కాలం చాలా టీవీలకు అవి రెండు చివర్లా ఉంటున్నాయి. రెండోసారి అన్నీ చూసుకున్న నేను అదొక్కటి మర్చిపోయాను. మా టీవీ మొదటి వారమంతా డైనింగ్ టేబుల్ మీదే ఉంది, మేము ఒళ్లో కంచాలు పెట్టుకుని తిన్నాం.