ఆ పన్నెండు జీవాలను దాటవేయకు

ప్రియమైన తమ్ముడికి,

నీ వ్యాసం చదివాను. వాక్యం మీద నీకు పట్టుంది, విషయం మీద భక్తి కూడా ఉంది. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను. సిలువతో బలుల అవసరం తీరిందని, తొలి క్రైస్తవులు ఆనాడే బలిపీఠానికి దూరమయ్యారని అన్నావు. మొదటి మాట విశ్వాసం, దాన్ని గుండె నిండా రాసుకో. రెండో మాట చరిత్ర. చరిత్ర అలా నడవలేదు.

అపొస్తలుల కార్యములు 21వ అధ్యాయం తీసి నిదానంగా చదువు. క్రీ.శ. 57 ప్రాంతంలో అపొస్తలుడు పౌలు యెరూషలేముకు వస్తాడు. యాకోబు, అక్కడి సంఘ పెద్దలు ఆయనకు ఒక పని చెబుతారు: మొక్కుబడి ఉన్న నలుగురిని వెంటబెట్టుకుని శుద్ధి చేసుకో, వాళ్లు తల క్షౌరం చేయించుకోవడానికయ్యే ఖర్చు నువ్వే పెట్టుకో. పౌలు కాదనలేదు. మరునాడే దేవాలయంలోకి వెళ్లాడు. ఆ ఖర్చు క్షురకుడికిచ్చే కూలి మాత్రమే కాదు. తల క్షౌరంతో ముగిసేది నాజీరు మొక్కుబడి, అంటే కొంతకాలం తనను దేవునికి ప్రత్యేకించుకునే మొక్కు. దానికి సంఖ్యాకాండం 6వ అధ్యాయం ఒక్కొక్కరి నుంచి ఏడాది మగ గొర్రెపిల్లను, ఏడాది ఆడ గొర్రెపిల్లను, ఒక పొట్టేలును అడుగుతుంది. నలుగురికి 12 జీవాలు. అందులో ఆడ గొర్రెపిల్ల పాపపరిహారార్థ బలి! మన పాపాల కోసం క్రీస్తు చనిపోయాడని ఊరూరా చాటిన మనిషి, ఆ మరణం జరిగిన పాతికేళ్ల తర్వాత ఈ ఖర్చుకు ఒప్పుకున్నాడు. ఆ ఏడు రోజులు పూర్తి కాకముందే అల్లరి చెలరేగి ఆయన పట్టుబడ్డాడు. బలులు జరిగాయో లేదో గ్రంథం చెప్పదు. ఈ చిక్కును విప్పాలని తొందరపడకు. పాఠకుణ్ణి కూడా కాసేపు దాని ముందు కూర్చోనివ్వు.

70లో రోమన్ సైన్యం దేవాలయాన్ని తగలబెట్టాక యూదులకూ, యూదులైన క్రైస్తవులకూ ఆ బలిపీఠమే లేకుండా పోయింది. ఇంత పెద్ద సంఘటనకు నువ్వు ఒక్క వాక్యమైనా ఇవ్వలేదు.

పాత బలులను అనాగరికమన్న చోట ఆ మాట కొట్టివేయి. బిడ్డను కన్న మరియ వైపు నుంచి అర్పించవలసింది గువ్వల జత గాని, రెండు పావురపు పిల్లలు గాని అని లూకా రాశాడు. లేవీయకాండంలో అది గొర్రెపిల్లను తేలేని తల్లికి ఇచ్చిన వెసులుబాటు. ఆ పేదరాలి భక్తిని అనాగరికమంటే నా మనసు ఒప్పుకోదు. బలి కాదు, కనికరం కావాలని యేసు ఎత్తి చెప్పిన మాట కూడా ఇశ్రాయేలు ప్రవక్త హోషేయదే.

యూదుల లోకం బయట సంగతి వేరు. అక్కడ క్రైస్తవుడికి బలి రోజువారీ తిండి సమస్య. కటికి అంగడిలో కొన్న మాంసం ఏ దేవత ముందు నుంచి వచ్చిందో అని కొరింథు సంఘంలో మనస్సాక్షులు కలత పడ్డాయి. 112 ప్రాంతంలో రోమన్ గవర్నర్ ప్లినీ తన చక్రవర్తి ట్రాజన్‌కు రాసిన ఉత్తరం సంపాదించి చదువు. క్రైస్తవం వ్యాపించడంతో బలి మాంసానికి కొనేవాళ్లే అరుదయ్యారనీ, ఇప్పుడు మళ్లీ అమ్ముడుపోతోందనీ అందులో ఉంది.

250లో రోమన్ చక్రవర్తి డెసియస్ ఆజ్ఞతో ఆ బలే క్రైస్తవులకు ప్రాణసంకటమైంది. అందరూ దేవతలకు బలి ఇచ్చినట్టు పత్రం పొందాలి. ఈజిప్టులో అలాంటి పపైరస్ పత్రాలు నలభైకి పైగా దొరికాయి. అన్నిటిలో దాదాపు ఒకే వరస: ఎప్పుడూ దేవతలకు బలులిస్తూనే ఉన్నాను, ఇప్పుడు మీ ఎదుట పానార్పణ చేశాను, బలి ఇచ్చాను, ఆ మాంసం రుచి చూశాను. కింద అధికారుల సంతకం. కొందరు బలి ఇవ్వకుండా డబ్బిచ్చి పత్రం తెచ్చుకున్నారు. కొందరు నిరాకరించి చెరసాలకు వెళ్లారు, చనిపోయారు. భయపడి లొంగినవాళ్లు మళ్లీ సంఘం గుమ్మం ముందుకు వస్తే ఏం చేయాలన్న ప్రశ్న ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ బిషప్ సిప్రియన్‌ను కలచివేసింది. నీ వ్యాసానికి గుండెకాయ ఇక్కడ ఉంది. వీరులను మాత్రమే రాయకు, లొంగినవాళ్లనూ రాయి.

ఏ సంఘంలోనూ నేడు జంతువును అర్పించరన్న చివరి వాక్యం తీసివేయి. ఆర్మేనియా సంఘంలో మతాఘ్ అనే ఆచారం ఇప్పటికీ ఉంది. మతగురువు ఆశీర్వదించిన ఉప్పును జంతువుకు తినిపించి, కోసి, మాంసం ఉడికించి పేదలకూ ఇరుగుపొరుగుకూ పంచుతారు. అది పాపపరిహారం కాదు, కృతజ్ఞతతో చేసే దానమని ఆ సంఘం అంటుంది. దాన్ని చివర అతికించకు. పౌలు సంగతి రాసిన పేరా పక్కనే పెట్టు.

తిరగరాశాక పంపు, చదువుతాను.

ఆశీస్సులతో,
నీ అన్న