ఏ చిప్ కొనాలని అడిగినావు కదా అల్లుడూ

అల్లుడూ, రాత్రి నీ మెసేజ్ చూసినా. చీనీ తోటలో తేమ చూసి డ్రిప్పు వాల్వు దానంతట అదే తిరిగే ప్రాజెక్టుకి చిన్న ఆర్డుయినో యూనో బోర్డు సరిపోతాదా, వైఫై ఉండే పెద్ద ఈఎస్పీ32 కొనాలా అన్నావు, ఫ్రెండ్స్ అందరూ పెద్దదే కొనమంటున్నారని కూడా రాసినావు. చిప్ సంగతి తర్వాత, ముందు ఒక కాగితం మీద రాయి, ఎన్ని సెన్సర్లు, ఎంతసేపటికొకసారి చదవాల, కరెంటు యాడ నుంచి వస్తాది, ఫోన్‌కి కబురు పోవాలా వద్దా. తేమ అరగంటకోసారి చూస్తే చాలు, దానికి ఈఎస్పీ32 ఇచ్చే 240 మెగాహెర్ట్జ్ వేగం ఏం చేసుకుంటావు, యూనోలో ఉండే ఏటీమెగా328పీ 16 మెగాహెర్ట్జే మిగిలిపోతాది.

అసలు తేడా బ్యాటరీ దగ్గర తెలుస్తాది. మీ తాత తోటలో నేను మొదట ఈఎస్పీ32 బోర్డే పెట్టినా, డీప్ స్లీప్‌లో, అంటే చిప్ గాఢ నిద్రలో ఉన్నప్పుడు, 10 మైక్రో ఆంపియర్లే తాగుతాదని చదివి నమ్మినా, నెల తిరక్కముందే బ్యాటరీ ఖాళీ. మీటర్ పెట్టి చూస్తే తాగేది చిప్ కాదు, బోర్డు మీదుండే, వోల్టేజీ సరిచేసే రెగ్యులేటరు, యూఎస్‌బీ చిప్, ఆ ఎర్ర లైటు. యూనో బోర్డూ అంతే, చిప్ నిద్రపోయినా బోర్డు లాగుతానే ఉంటాది. అందుకే తోటలోకి ఒట్టి 328పీ చిప్ పెట్టు, లోపలుండే 8 మెగాహెర్ట్జ్ క్లాకు చాలు, ఏడీసీ (సెన్సర్ వోల్టేజీని అంకెగా మార్చేది), బ్రౌనౌట్ (వోల్టేజీ పడిపోతే చిప్‌ని రీసెట్ చేసేది) ఆపేసి పడుకోబెడితే చానా తక్కువ తాగుతాది. చిప్‌లోనే ఉండే వాచ్‌డాగ్ టైమరు 8 సెకన్లకోసారి లేపుతాది, 225 సార్లు లెక్కపెట్టుకుంటే దాదాపు అరగంట. వాల్వు మాత్రం లాచింగ్‌దే తీసుకో, ఒక్క పల్స్ ఇస్తే తెరుచుకొని అట్లే ఉంటాది, మామూలుది తెరిచున్నంతసేపూ కరెంటు తాగుతాది.

అట్లని చిన్నదాన్నే పట్టుకొని వేలాడొద్దురా. 328పీకి ర్యామ్ 2 కేబీనే. బోరు మోటరు కాడ దానికి సిమ్ కార్డుతో మెసేజ్ పంపే జీఎస్ఎం మాడ్యూల్ తగిలించి, మెసేజ్‌లు కూర్చి పంపాలని చూసినా, ఎప్పుడు హ్యాంగ్ అయ్యేదో తెలీదు, మూడు రాత్రులు వైర్లు అనుమానించినా, చివరికి చూస్తే ర్యామ్ నిండిపోతాంది. ఫోన్‌కి కబురు, వైఫై కావాలంటే, మోటరు కాడ కరెంటు ఎట్లాగూ ఉంటాది కాబట్టి, అక్కడ మాత్రం ఈఎస్పీ32నే పెట్టు. దాని పిన్నులు 3.3 వోల్టులవి, 5 వోల్టుల సెన్సర్ నేరుగా తగిలించొద్దు. వైఫై ఆన్‌లో ఉంటే ఏడీసీ2 అనే గుంపు పిన్నులు సెన్సర్‌ని చదవవు, తేమ వైరు 32 నుంచి 39 నెంబరు పిన్నుల్లో దేనికైనా ఇయ్యి.

కొనేముందు ఆ కాగితం ఫోటో తీసి పంపు. పిన్నులు లెక్కేసేటప్పుడు వాల్వుకి రెండు వేసుకో, తెరిచేదానికొకటి, మూసేదానికొకటి.