టెక్ సందేహాలు: పరిశోధన పత్రంలో ఆధారాలూ అక్షరాలూ

ప్రశ్న: తెలుగు నాటకంపై పరిశోధన పత్రం రాస్తున్నాను. రిఫరెన్సులన్నీ వర్డ్‌లో చేత్తో టైపు చేసి ఎంఎల్‌ఏ పద్ధతిలో ఇచ్చాను. ఇప్పుడు గైడుగారు రిఫరెన్సులు రాసే మరో పద్ధతి అయిన ఏపీఏలోకి మార్చమంటున్నారు. డబ్బు కట్టనవసరం లేని సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా? అందులో తెలుగు పుస్తకాలు కుదురుతాయా? – ఒక పరిశోధక విద్యార్థి, ఎచ్చెర్ల

జవాబు: రిఫరెన్సులను భద్రపరచి పత్రంలో చేర్చిపెట్టే జొటెరో అనే సాఫ్ట్‌వేర్ వాడండి. ఇది ఉచితం, 2006 నుంచి అందుబాటులో ఉంది. దీన్ని కంప్యూటర్‌లో వేసుకుంటే వర్డ్‌లో దానికంటూ ఒక ట్యాబ్, లిబ్రే ఆఫీస్‌లో ఒక టూల్‌బార్ వస్తాయి. మీరు రాస్తూ రాస్తూ అక్కడి నుంచే ఆధారాన్ని చేరిస్తే, వాక్యం చివరి సూచనా, పత్రం చివరి ఉపయుక్త గ్రంథసూచీ రెండూ తమంత తామే తయారవుతాయి. ఎంఎల్‌ఏలో వాక్యం పక్కన రచయిత పేరూ పుట సంఖ్యా వస్తాయి, ఏపీఏలో రచయిత పేరూ సంవత్సరమూ వస్తాయి. డాక్యుమెంట్ ప్రిఫరెన్సెస్‌లో శైలి పేరు మారిస్తే ఈ తేడాలన్నీ పత్రం పొడవునా ఒక్కసారే సర్దుకుంటాయి. అయితే మీరు ఇప్పటికే చేత్తో టైపు చేసినవాటిని జొటెరో గుర్తించదు, వాటిని మళ్లీ ఎక్కించుకోవలసిందే. డిఓఐ (ఆన్‌లైన్ వ్యాసాల గుర్తింపు సంఖ్య) లేదా ఐఎస్‌బిఎన్ (పుస్తకాల గుర్తింపు సంఖ్య) ఉన్నవాటికి ఆ సంఖ్య ఇస్తే చాలు, చాలావరకు వివరాలు అవే వచ్చి చేరతాయి. జొటెరో ఆన్‌లైన్‌లో ఇచ్చే ఉచిత నిల్వ 300 ఎంబీ మాత్రమే కనుక, పీడీఎఫ్‌లను మీ కంప్యూటర్‌లోనే ఉంచుకుని వివరాలను మాత్రం సింక్ చేసుకోండి.

తెలుగు పుస్తకాల దగ్గరే అసలు చిక్కు. ఇంటిపేరు ఒక గడిలో, సొంత పేరు మరో గడిలో వేస్తే ఏపీఏ శైలి సొంత పేరును పొడి అక్షరంగా కుదించి ‘గురజాడ, అ.’ అని చూపిస్తుంది. మన తెలుగు శాఖల్లో ఎవరూ అలా రాయరు, అలా రాస్తే అది ఎవరో కూడా చదివేవారికి తెలియదు. రచయిత గడి పక్కనున్న చిన్న గుర్తును నొక్కితే రెండు గడులూ ఒకటవుతాయి. అందులో ‘గురజాడ అప్పారావు’ అని పూర్తిగా టైపు చేస్తే పేరు చెక్కుచెదరకుండా ఉంటుంది, అకారాది క్రమం కూడా ఇంటిపేరుతోనే నడుస్తుంది.

నాటకమంటున్నారు కనుక సంవత్సరం గురించీ చెప్పాలి. కన్యాశుల్కం మొదటి కూర్పు 1897లోను, బాగా పెంచి తిరగరాసిన రెండో కూర్పు 1909లోను వెలువడ్డాయి. ఈ రెండింటిలో దేని గురించి మాట్లాడుతున్నారో చెప్పకపోతే, విజయనగరం గడ్డ మీద పెరిగిన పరీక్షకులు మొట్టమొదట అడిగే ప్రశ్న అదే అవుతుంది. మీ చేతిలో ఉన్నది పునర్ముద్రణ అయితే దాని సంవత్సరాన్ని తేదీ గడిలో వేసి, ఎక్స్‌ట్రా అనే గడిలో ‘ఒరిజినల్ డేట్’ అనే పదాన్ని ఆంగ్ల అక్షరాల్లో రాసి, కోలన్ పెట్టి, 1909 అని చేర్చండి. అప్పుడు ఏపీఏలో వాక్యం పక్కన రెండు సంవత్సరాలూ ఏటవాలు గీతకు అటూ ఇటూ వస్తాయి. పుట సంఖ్యలను మాత్రం మీ దగ్గరున్న ప్రతి నుంచే ఇవ్వాలి.

ప్రశ్న: డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో టైపు చేయించిన వ్యాసాన్ని పత్రికకు మెయిల్ చేస్తే అక్కడ పిచ్చి గీతలు కనిపిస్తున్నాయట. యూనికోడ్‌లోకి మార్చాక మరో ఇబ్బంది వచ్చింది: స్టైల్‌లో అక్షరాల సైజు పెంచితే ఇంగ్లిషు పెరుగుతోంది గాని తెలుగు పెరగడం లేదు. – ఒక అధ్యాపకురాలు, విజయనగరం

జవాబు: అను ఫాంట్లలో కంప్యూటర్ దాచుకునేది ఇంగ్లిషు అక్షరాల సంకేతాలనే, వాటికి తెలుగు రూపం తొడిగేది ఫాంటు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తొడుగు ఊడిపోతుంది. యూనికోడ్‌లో తెలుగుకు సొంత సంకేతాలు ఉన్నాయి కనుక ఆ బెడద లేదు. అయితే మార్చిన తర్వాత ఒత్తులనూ, కొటేషన్ గుర్తులనూ, మధ్యలో ఉన్న ఇంగ్లిషు మాటలనూ, ముఖ్యంగా రిఫరెన్సుల్లోని అంకెలనూ పాత ప్రింటవుట్ పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచూడండి. తప్పులు ఎక్కువగా దొర్లేవి అక్కడే.

సైజు సంగతికొస్తే, వర్డ్ తెలుగును ‘కాంప్లెక్స్ స్క్రిప్ట్’ కింద లెక్కిస్తుంది, దానికి ఫాంటూ సైజూ వేరుగా ఉంటాయి. స్టైల్‌ను మాడిఫై చేసేటప్పుడు ఫార్మాట్‌లో ఫాంట్ డబ్బా తెరిస్తే ఆ విభాగం కనిపిస్తుంది. సైజును అక్కడ కూడా మార్చాలి. మన ప్రాంతపు వారి పేర్లతో గిడుగు, గురజాడ అనే ఉచిత ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. అభిమానం కొద్దీ వ్యాసమంతా వాటితో నింపాలనిపించవచ్చు గాని, నా దృష్టిలో అవి శీర్షికలకు నప్పుతాయి. పేరాలకు మండలి గాని నోటో సెరిఫ్ తెలుగు గాని కంటికి హాయి. పత్రిక వారికి వర్డ్ ఫైలుతో పాటు పీడీఎఫ్ కూడా పంపండి.

ప్రశ్న: మన థీసిస్ ఇతరుల రచనలతో ఎంత కలుస్తోందో చూపే సిమిలారిటీ రిపోర్టులో ఎంత శాతం దాకా ఫరవాలేదు? ఏఐ ఇచ్చిన రిఫరెన్సులు పెట్టుకోవచ్చా? – ఒక పీహెచ్‌డీ విద్యార్థి, రాజాం

జవాబు: యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల ప్రకారం 10 శాతం వరకు చర్య ఉండదు. 10 దాటి 40 శాతం లోపయితే గడువులోగా సరిచేసి మళ్లీ ఇవ్వాలి. 40 దాటి 60 లోపయితే సవరించిన థీసిస్‌నైనా ఏడాది పాటు సమర్పించనివ్వరు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. ఆధారం చూపిన ఉల్లేఖనలు, గ్రంథసూచి, విషయసూచిక, కృతజ్ఞతలు ఈ లెక్కలోకి రావు. వరసగా 14 మాటల వరకు యాదృచ్ఛికంగా కలిసినా లెక్కించరు. కనుక రిపోర్టు తీయించే ముందు గ్రంథసూచిని మినహాయించే సెట్టింగు పెట్టారో లేదో లైబ్రరీలో అడగండి.

ఏఐ ఇచ్చే రిఫరెన్సుల్లో లేని వ్యాసాలకు ఉన్న పత్రికల పేర్లు తగిలించినవి కూడా ఉంటాయి. డిఓఐ ఇచ్చి ఉంటే దాన్ని డిఓఐ డాట్ ఆర్గ్‌లో వేసి చూడండి. తెరుచుకున్న పేజీలో అదే శీర్షిక, అదే రచయిత ఉండాలి. భారతీయ విశ్వవిద్యాలయాల థీసిస్ అయితే, వాటిని భద్రపరిచే వెబ్‌సైట్ శోధగంగలో వెతకండి. దొరికినా సరే, మీరు తెరిచి ఆ పుట చదవనిదే గ్రంథసూచిలో చేర్చకండి. వైవాలో దాని మీద ప్రశ్న పడితే జవాబు చెప్పవలసింది మీరే.